సొంతదారు ఎవరు? ఆలంపూర్ శాసనాల నుంచి సెకండ్‌హ్యాండ్ ఫోన్ల దాకా

చేతిలో ఉన్న వస్తువు నాదేనని ఎలా నిరూపించాలన్న ప్రశ్న స్మార్ట్‌ఫోన్లతో పుట్టింది కాదు. పశువులు, బంగారం, ఇత్తడి సామాను చేతులు మారినన్నాళ్లూ ఉన్నదే. ఫోన్లు వచ్చాక మారింది ప్రశ్న కాదు, జవాబు. ఇంతకు ముందు మన ప్రాంతంలో సొంతం అనేది నలుగురికీ తెలిసిన సంగతి. ఊరికి తెలుసు, సంతకు తెలుసు, గుడి ముందున్న శాసనానికి తెలుసు. దొంగతనాల్ని ఆపడానికి ఫోన్లో పెట్టిన తాళం ఆ బహిరంగ సాక్ష్యాన్ని పక్కనపెట్టి, సొంతాన్ని ఒక్కడికే తెలిసిన రహస్యంగా మార్చింది. కొత్త ఫోను కొన్నవాడికి దీనివల్ల మేలే జరిగింది. పాత ఫోను కొనేవాడికి మాత్రం అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ మాటకు ఆధారాలు వెతకడానికి ఆలంపూర్ మంచి చోటు. పదమూడు వందల ఏళ్ల నాటి రాతి సాక్ష్యాలు ఒకవైపు, రెండు రాష్ట్రాల మధ్య పరుగెత్తే 44వ నంబరు జాతీయ రహదారి మరోవైపు ఉన్న ఊరు అది.

ముందు తాళం సంగతి చూద్దాం. ఆపిల్ సంస్థ 2013 సెప్టెంబరులో ఐఓఎస్ 7తో పాటు యాక్టివేషన్ లాక్ తెచ్చింది. అమెరికాలో మిన్నెసోటా, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2014లో ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ ఇలాంటి తాళం ఉండి తీరాలని చట్టాలు చేశాయి. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో గూగుల్ కూడా అదే దారి పట్టింది. మన బజార్లలో గూగుల్ లాక్ అనీ ఎఫ్‌ఆర్‌పీ అనీ అనేది దీన్నే. పని చేసే తీరు సులువైనదే. ఫోన్లో ఉన్నదంతా తుడిచేసి హార్డ్ రీసెట్ కొట్టినా, మళ్లీ తెరవగానే అది ఇంతకు ముందు ఇందులో ఉన్న ఖాతా ఏదో చెప్పమంటుంది. చెప్పలేకపోతే తెర అక్కడే ఆగిపోతుంది. ఫోన్ ఎంత ఖరీదైనదైనా కానీకి కొరగాదు, విడిభాగాలకు అమ్ముకోవాల్సిందే.

తాళం వల్ల ఉపయోగం లేదని ఎవరూ అనలేరు. న్యూయార్క్ అటార్నీ జనరల్ 2015లో వెల్లడించిన లెక్కల ప్రకారం యాక్టివేషన్ లాక్ వచ్చాక ఐఫోన్ల దొంగతనాలు శాన్‌ఫ్రాన్సిస్కోలో 40 శాతం, న్యూయార్క్‌లో 25 శాతం తగ్గాయి; లండన్‌లో స్మార్ట్‌ఫోన్ల దొంగతనాలు సగానికి పడిపోయాయి. అయితే ఈ తాళం గుర్తుపట్టేది సొంతదారుని కాదు, పాస్‌వర్డు తెలిసినవాణ్ని. చాలా సార్లు ఆ ఇద్దరూ ఒకరే కాబట్టి తేడా కనిపించదు. పాత ఫోను కొన్నప్పుడు కనిపిస్తుంది. డబ్బులిచ్చి కొన్నవాడు సొంతదారు. పాస్‌వర్డు తెలిసినవాడు అమ్మిపోయిన మనిషి. ఫోన్ దృష్టిలో మాత్రం ఇంకా వాడే యజమాని. ఫోను ఈఎంఐ బాకీలో ఉంటే చిక్కు ఇంకో మెట్టు పెరుగుతుంది. అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ కూడా దూరం నుంచే తన తాళం బిగించే ఏర్పాటు అందులో ఉండొచ్చు.

ఇప్పుడు ఆలంపూర్‌కు వద్దాం. తుంగభద్ర ఒడ్డున నవబ్రహ్మ ఆలయాలు కట్టించింది బాదామి చాళుక్యులు. విజయాదిత్యుని కాలంలో శక సంవత్సరం 635లో, అంటే క్రీ.శ. 713లో, ఈశానాచార్యుడు ఇక్కడ ప్రాకారం కట్టించిన సంగతిని చెప్పే శాసనం ఉంది. తర్వాత కల్యాణి చాళుక్యుల ఏలుబడిలోనూ ఈ క్షేత్రానికి దానాలు అందాయి. ఇక్కడి శాసనాల్ని పరిశోధించి వెలుగులోకి తెచ్చినవారిలో ఈ ఊళ్లోనే స్థిరపడ్డ గడియారం రామకృష్ణశర్మ ముఖ్యుడు. ఆనాటి దానశాసనాల్లో సాధారణంగా ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు, ఏ తిథిన ఇచ్చిందీ, పొలానికి నాలుగు దిక్కులా హద్దులు, చివర కాజేసినవాడికి శాపం ఉంటాయి. ఆ కాలంలో చదువు కొద్దిమందిదే. అయినా రాయిని అందరూ నడిచే చోట నిలబెట్టారు. చదవలేనివాడికి కూడా ఆ రాయి ఎందుకు నిలబెట్టారో తెలుసు. హక్కు ఎంత ఎక్కువమందికి తెలిస్తే అంత గట్టిదన్న నమ్మకం దాని వెనక ఉంది.

భూమి కదలదు కాబట్టి దాని సాక్ష్యం రాతి మీద చెక్కొచ్చు. కదిలే సొత్తు సంగతేమిటి? దీనికి జవాబు అదే కల్యాణి చాళుక్యుల రాజధాని నుంచి వచ్చింది. ఆరో విక్రమాదిత్యుడు 1076 నుంచి 1126 దాకా ఏలాడు. ఆయన కొలువులో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్యానం రాశాడు. వారసత్వ చట్టంగానే మనవాళ్లకు మితాక్షర తెలుసు గానీ, అందులో అస్వామి విక్రయం అనే ప్రకరణం కూడా ఉంది. సొంతం కానిదాన్ని అమ్మితే ఏం చెయ్యాలన్నదే దాని విషయం. పదమూడో శతాబ్దంలో తిక్కన కాలంవాడైన కేతన ఈ ధర్మాల్నే విజ్ఞానేశ్వరీయమనే పేరుతో తెలుగు పద్యాల్లోకి దించాడు. సంస్కృతం రాని తెలుగువాడికి కూడా ఈ తీర్పుల అవసరం ఉందని ఎవరో అనుకున్నారనడానికి అదే గుర్తు.

ఆ ప్రకరణం చెప్పేది సెల్‌ఫోన్ దుకాణంలో గోడకు అంటించుకోదగ్గ సంగతి. తన వస్తువును ఇంకొకడు అమ్మేస్తే, అది ఎవరి దగ్గర దొరికినా అసలు సొంతదారు తీసుకోవచ్చు. గుట్టుగా కొన్నవాడిది తప్పు. ఇక అంత సొమ్ము ఉండే అవకాశం లేని మనిషి దగ్గర, ఎవరూ లేని చోట, మరీ తక్కువ ధరకు, వేళకాని వేళలో కొంటే కొన్నవాణ్నే దొంగ కింద లెక్కగట్టాలి. అయితే కొన్నవాడికి బయటపడే దారి ఉంది. అమ్మినవాణ్ని తెచ్చి చూపిస్తే అతను నిర్దోషి. అప్పుడు సొత్తు సొంతదారుకు, జరిమానా రాజుకు, కొన్నవాడి డబ్బు అమ్మినవాడి దగ్గర నుంచి తిరిగి కొన్నవాడికి. పోయిందని చెప్పేవాడి మీద కూడా బరువుంది. అది తనకెలా వచ్చిందో, తానెలా అనుభవించాడో చూపించి తనదేనని నిరూపించాలి. చూపించలేకపోతే వస్తువు విలువలో ఐదో వంతు జరిమానా. అంటే ఒకేసారి ముగ్గురికీ మూడు పనులు పెట్టింది: పోగొట్టుకున్నవాడు రుజువు తేవాలి, కొన్నవాడు అమ్మినవాణ్ని చూపాలి, అమ్మినవాడు డబ్బు కక్కాలి.

బృహస్పతి స్మృతి ఇంకో చిక్కును కూడా విప్పింది. నడిబజారులో, అధికారులకు తెలిసేలా కొన్నాడు. కానీ అమ్మినవాడి ఊరూ పేరూ తెలియదు, లేదా వాడు చనిపోయాడు. అప్పుడేమిటి? సొంతదారు సగం ధర చెల్లించి తన వస్తువు తీసుకోవాలి, మిగతా సగం కొన్నవాడు పోగొట్టుకోవాలి. తెలియనివాడి దగ్గర కొనడం ఒకడి తప్పు, కాపాడుకోలేకపోవడం మరొకడి తప్పు. కాబట్టి నష్టం చెరిసగం అన్నది దాని తర్కం. ఈ రోజు దొంగ సొత్తని తేలిన సెకండ్‌హ్యాండ్ ఫోన్‌ను పోలీసు స్టేషన్లో అప్పగించి ఉత్త చేతులతో ఇంటికి వెళ్లే మనిషికి ఇలాంటి ఓదార్పు ఏదీ లేదు.

పుస్తకాల్లోని ఈ ధర్మం సంతలో ఏ రూపంలో బతికిందో చూడాలంటే పెబ్బేరు శనివారం సంత చూడాలి. ఆలంపూర్ నుంచి కృష్ణ దాటి హైదరాబాదు వైపు వెళ్తే హైవే మీదే తగులుతుంది. పశువుల సంతల్లో బేరం ఒక విచిత్రమైన పద్ధతిలో సాగుతుంది. కొనేవాడి చెయ్యి, అమ్మేవాడి చెయ్యి తువ్వాలు కింద కలుస్తాయి. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్ని వందలో వేలో. పక్కనున్నవాడికి ధర తెలియదు. కానీ ఎవరి ఎడ్లు ఎవరికి పోయాయో మాత్రం పదిమందికీ తెలుసు. పలుపు చేతులు మారడం అందరూ చూస్తారు, దళారికి ఇద్దరూ తెలుసు, తైబజారు రసీదు చేతికొస్తుంది. ధర గుట్టు, అమ్మకం రట్టు. ఫోన్ల బజారులో దీనికి పూర్తిగా తలకిందులు. ఏ మోడల్ ఎంత పలుకుతుందో ఆన్‌లైన్లో పసిపిల్లవాడికి కూడా తెలుసు. ఎవరి నుంచి ఎవరికి పోయిందో మాత్రం అమ్మినవాడికీ కొన్నవాడికీ తప్ప మూడో కంటికి తెలియదు.

ఆలంపూర్‌కు నది వల్ల వచ్చిన చరిత్ర కూడా ఉంది. 1839లో కర్నూలు నవాబు పాలన ముగిసి అవతలి గట్టు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాక, తుంగభద్రకు దక్షిణాన మద్రాసు ప్రెసిడెన్సీ, ఉత్తరాన నిజాం రాజ్యం. ఆలంపూర్ తాలూకా అప్పుడు రాయచూరు జిల్లాలో ఉండేది, 1956లో మహబూబ్‌నగర్‌కు వచ్చింది. ఒక గట్టు పోలీసుకు రెండో గట్టున అధికారం లేదు. దొంగ సొత్తుకు నది దాటడమంటే సగం తప్పించుకోవడమే. 1956 నుంచి 2014 దాకా రెండు గట్లూ ఒకే రాష్ట్రం. ఇప్పుడు మళ్లీ పుల్లూరు టోల్‌గేటు దగ్గర రాష్ట్రం మారుతుంది. కర్నూలు బస్టాండులో పోయిన ఫోను గద్వాలలో తేలితే రెండు రాష్ట్రాల పోలీసుల మధ్య కథ అవుతుంది.

ఇంగ్లీషు చట్టం వచ్చాక మితాక్షరను వారసత్వం, దత్తత వంటి కుటుంబ విషయాలకు పరిమితం చేసి, క్రయవిక్రయాలకు వేరే చట్టాలు తెచ్చారు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ప్రకారం తనకు లేని హక్కును ఎవడూ ఇంకొకరికి అమ్మలేడు. వినడానికి ఇది ఇంగ్లీషు సూత్రమే. కానీ ఇంగ్లండులో దీనికి పెద్ద మినహాయింపు ఉండేది. పగటిపూట బహిరంగ బజారులో మంచి నమ్మకంతో కొంటే, దొంగ సొత్తయినా కొన్నవాడిదే అయ్యేది. 1995 జనవరిలో గానీ ఆ మినహాయింపును పూర్తిగా ఎత్తెయ్యలేదు. మన ధర్మశాస్త్రం అంత దూరం పోలేదు. బహిరంగంగా కొంటే కొన్నవాడికి దొంగతనం మరక అంటదు, అమ్మినవాడు దొరక్కపోతే సగం ధర వెనక్కొస్తుంది, అంతవరకే. సొత్తు మాత్రం సొంతదారుదే. నా దృష్టిలో ఇదే సరైన గీత. ఇంగ్లండు పద్ధతి బజారును కాపాడి సొంతదారును ముంచింది. ఫోన్ తాళం సొంతదారును కాపాడి బజారును ముంచుతోంది. ఈ రెంటికీ నడిమి దారి మనకు ఎప్పుడో తెలుసు.

1872 నాటి సాక్ష్య చట్టంలోనూ ఈ రెండు పక్షాలూ ఉండేవి. ఒక వస్తువు ఎవరి చేతిలో ఉందో అతనే సొంతదారు, కాదనేవాడే రుజువు చెయ్యాలి అన్నది ఒక సూత్రం. దొంగతనం జరిగిన కొద్ది రోజులకే సొత్తు ఎవరి దగ్గర దొరికిందో, ఎలా వచ్చిందో అతను చెప్పలేకపోతే అతన్ని దొంగగానో, దొంగ సొమ్మని తెలిసి కొన్నవాడిగానో అనుకోవచ్చన్నది రెండో సూత్రం. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా వీటిని అట్టే పెట్టింది. ఈ జంట లెక్క తెలంగాణ రైతుకు కొత్త కాదు. భూమి రికార్డైన పహాణీలో పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు. భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు అనుభవదారు గడి ఎత్తేస్తే ఎంత రభస జరిగిందో ఇంకా ఎవరూ మరచిపోలేదు. కాగితం ఒకటే చాలదు, చేతిలో ఉండటం ఒకటే చాలదు, రెండూ కలిస్తేనే సొంతం అన్న గ్రహింపు పాలమూరు పల్లెల్లో అంత లోతుగా ఉంది. ఫోన్ తాళం ఈ రెంటినీ చూడదు. బిల్లునూ చూడదు, చేతినీ చూడదు, పాస్‌వర్డునే చూస్తుంది.

పాత ధర్మం కొత్త వేషంలో తిరిగి వచ్చింది మాత్రం సీఈఐఆర్‌తో. ప్రతి ఫోనుకూ 15 అంకెల ఐఎంఈఐ నంబరు ఉంటుంది. స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ నొక్కితే తెర మీద కనబడుతుంది. పోయిన ఫోను ఐఎంఈఐని కేంద్ర టెలికాం శాఖ నడిపే సీఈఐఆర్ పోర్టల్లో నమోదు చేస్తే దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా అది పని చెయ్యదు. ఎవరైనా సిమ్ వేస్తే జాడ తెలుస్తుంది. తెలంగాణ పోలీసులు 2023 ఏప్రిల్లో దీన్ని మొదలుపెట్టారు, మే నెలలో దేశమంతటికీ వచ్చింది. మొదటి పదమూడు నెలల్లోనే తెలంగాణలో 30 వేల ఫోన్లు దొరికాయి. సీఈఐఆర్‌కు తుంగభద్ర అడ్డం కాదు, కర్నూలైనా గద్వాలైనా ఒకటే. ఫోను పోగొట్టుకున్నవాడు ఫిర్యాదుతో పాటు తన వివరాలు, ఉంటే బిల్లు, పెడతాడు. ఎవరి దగ్గర దొరికినా అది అతనికే పోతుంది. విజ్ఞానేశ్వరుడు ఒప్పుకునే తీర్పే. కాకపోతే సగమే అమలవుతోంది. సొత్తు సొంతదారుకు చేరుతోంది గానీ, కొన్నవాడి డబ్బు కొన్నవాడికి చేరడం లేదు. ఎందుకంటే అమ్మినవాణ్ని చూపించగలిగే ఏర్పాటు మన ఫోన్ల బజారులో లేదు.

అమ్మకం బహిరంగంగా జరగాలన్న ఈ వాదనకు మొదటి అభ్యంతరం: తాళాన్ని ఇంకా గట్టిగా చేస్తే చాలదా, నిజాయితీపరుడికి పాస్‌వర్డు ఎలాగూ తెలుస్తుంది కదా అని. ఇది నగరంలో ఆలోచించే మాట. వలస పనికి వెళ్లే కూలీకి ఫోను మొదటిసారి కొన్నప్పుడు జీమెయిల్ ఖాతా తెరిచేది దుకాణంలో కుర్రాడో, చదువుకునే మేనల్లుడో. ఆ ఖాతా పేరు కూడా అతనికి గుర్తుండదు. ఒకసారి రీసెట్ అయితే తన ఫోనుకు తనే దొంగ. యజమాని చనిపోతే ఇంకా కష్టం. మితాక్షర ప్రకారం పుట్టుకతోనే పిత్రార్జితంలో కొడుక్కి హక్కు వస్తుంది గానీ, ఫోన్ తాళానికి వారసులంటే ఎవరో తెలియదు. తర్వాత తర్వాత ఆపిల్ వంటి సంస్థలు వారసుల కోసం ఏర్పాట్లు చేశాయి. ముందే నమోదు చేసుకున్నవాళ్లకే అవి సులువుగా అక్కరకొస్తాయి. కాబట్టి తాళం గట్టిపడటం ఒక్కటే జవాబైతే నష్టపోయేది దొంగ ఒక్కడే కాదు.

అలా అని తాళం ఊడదీసే దారి అందరికీ తెరవాలనడం కూడా తప్పే. బైపాస్ చేసే చెయ్యి నిజాయితీపరుణ్నీ దొంగనూ ఒకేలా ఆదుకుంటుంది; అది దొంగ చేతికి తాళాలివ్వడమే. ఐఎంఈఐని మార్చడం మరీ పెద్ద నేరం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దానికి మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పెట్టింది. తాళం ఉండాలి. పోవాల్సింది తాళం కాదు, చాటు అమ్మకం.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ధర్మశాస్త్రాలు పండితులు రాసుకున్నవి, ఏ సంతలో ఎవరు పాటించారు అని అడగొచ్చు. నిజమే, గ్రంథంలో ఉన్నదల్లా జరిగిందని అనలేం. పైగా అవి సమానత్వం లేని సమాజంలో పుట్టినవి. పేదవాడి దగ్గర కొన్నావంటే దొంగ సొమ్మే అనే అనుమానం వాటిలో ఉంది. తప్పిపోయి దొరికినవాటిని తిరిగి ఇచ్చేటప్పుడు తీసుకోవాల్సిన రుసుముల పట్టికలో ఆవులు, గేదెల పక్కనే మనుషుల్ని కూడా చేర్చారు; అది దాసుల కాలం. ఆ భాగాన్ని వెనక్కి తెచ్చుకోవాల్సిన పనిలేదు. నేను వాటి నుంచి తీసుకుంటున్నది ఒక్కటే: అమ్మకం బహిరంగంగా జరగాలి, అమ్మినవాడు తర్వాత కూడా దొరకాలి. ఇది పండితుడి ఊహ కాదని చెప్పడానికి చదువురాని రైతులు నడిపే సంతే సాక్ష్యం. పేదవాణ్ని అనుమానించకుండా ఉండటానికి కూడా ఇదే దారి. రసీదు ఉంటే మనిషి బట్టలు చూసి తీర్పు చెప్పే పని ఉండదు.

మూడో అభ్యంతరం, ఇలాగైతే ప్రతి ఫోనుకూ సర్కారు దగ్గర ఒక పహాణీ పెట్టాలా, అది నిఘా కాదా అని. ఆ భయం ఉత్తది కాదు. కొత్త ఫోన్లన్నిట్లో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ యాప్ ముందే వేసి ఇవ్వాలన్న ఆదేశాన్ని, విమర్శలు వెల్లువెత్తాక కేంద్రం 2025 డిసెంబరులో కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది. సంత పద్ధతికి అంత యంత్రాంగం అక్కర్లేదు. సంత రసీదు ఎద్దు జీవితకాలమంతా రికార్డు చెయ్యదు. ఇద్దరి చేతుల్లో ఒక్కో కాగితం ఉంచుతుంది. ఫోనుకూ అంతే చాలు. ప్రభుత్వం దగ్గర పోయిన ఫోన్ల జాబితా ఒక్కటి ఉంటే సరి. పాత ఫోన్లు అమ్మే వ్యాపారులు ఆ జాబితాతో సరిచూసుకోవాలని 2025 అక్టోబరులో టెలికాం సైబర్ భద్రతా నియమాలకు చేసిన సవరణ చెబుతోంది. ఇది సరైన దిశే. దీనికి అమ్మినవాడి సంతకమున్న చిట్టీ తోడైతే, ఫోను వెనక్కిచ్చేసిన కొనుగోలుదారుకు డబ్బు అడగడానికి కనీసం ఒక మనిషి దొరుకుతాడు.

కాబట్టి పాత ఫోను కొనబోయే పాఠకులకు నా మాట ఇది. పగటిపూట, దుకాణంలోనో తెలిసినవాళ్ల ముందో కొనండి. అమ్మేవాడి చేతనే, మీ కళ్లెదుటే, పాత ఖాతా తీయించి రీసెట్ చేయించండి. మీ ఖాతా పడ్డాకే డబ్బు ఇవ్వండి. కేవైఎం అని టైపు చేసి, పక్కన ఐఎంఈఐ నంబరు వేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే ఆ ఫోను నిషేధ జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది. ఈఎంఐ బాకీ ఉందేమో అడగండి. బిల్లూ బాక్సూ తీసుకోండి. బాక్సు మీది నంబరూ ఫోన్లోని నంబరూ ఒకటేనా చూడండి. తేదీ, ధర, ఐఎంఈఐ, అమ్మినవాడి పేరు, సంతకం ఉన్న చిట్టీ రాయించుకోండి. ధర మరీ తక్కువగా ఉండి, అమ్మేవాడు తొందరపెడుతూ పేరు చెప్పడానికి వెనకాడితే ఆ బేరం వదిలెయ్యండి.